ఒకే కొలతలో వాన, వాగు

అహోబిలం కొండల వానను, ఆళ్లగడ్డ దగ్గరి వాగు మట్టాన్ని ఆ రోజు నేను గ్రాఫులో ఒకే కొలతలో గీసి తప్పు చేశాను. పదుల అంకెల్లో ఉన్న మిల్లీమీటర్ల వాన ముందు, ఒకటి రెండు మీటర్ల వాగు గీత అడుగున చదునుగా పడుకుంది. వాగు ఇసుకలో పిల్లలతో, గొర్రెల మందతో దిగిన కాపరి, వాగు వస్తుందా అని ఫోన్లో అడిగితే, భయం లేదన్నాను.

మా నంద్యాల వరద హెచ్చరికల ఆఫీసు మేడం ఏ గ్రాఫునైనా వేలితో పైనుంచి కిందికి చదివేవారు. వాన పైన, వాగు కింద, దేని కొలత దానికిచ్చి, కాలం చూపే గంటలు మాత్రం రెండింటికీ ఒకటే ఉంచి మళ్లీ గీయించారు. వాన గీత నుంచి దిగిన వేలు, నిటారుగా లేస్తున్న వాగు గీత మీద ఆగింది. కాపరికి భయం లేదన్న సంగతి చెప్పాను.

“ఏందప్పా ఇది! మనుషులుండారు ఆడ!” అన్నారు మేడం.

ఫోన్ చేశాను. “ఇప్పుడే కదప్పా భయం లేదంటివి?” అన్నాడు కాపరి.

“తప్పు నాదేనన్నా. బేగా గట్టెక్కండి.”

నీళ్ల హోరులో, “పిల్లోళ్లు గూడా ఎక్కినారప్పా” అని అతను అరిచేదాకా ఫోన్ పెట్టలేదు.