వాసన రాని గాలి

గిద్దలూరు బస్సు కంభంలో ఆగితే, పక్కసీటు వెల్డరుకు టీ తెచ్చిచ్చాను. కప్పులోకి చూసి కిటికీలోంచి పారబోశాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏందబ్బా, వద్దంటే పోయేదిగా?"

"పాల ట్యాంకు వెల్డింగులో మా తమ్ముడు పోయినాడన్నా. ద్రవంగా తెచ్చిన ఆర్గాన్‌ను గ్యాసు చేసి, అతుకు నల్లబడకుండా లోపలికి వదుల్తారు. అది గాలి కన్నా బరువు, అడుగున చేరి పీల్చే గాలిని పైకి తోసేస్తది. భోజనాలప్పుడు వాల్వు కట్టేయలేదు. బయట ఎండకు తాళలేక వాడు పోయి ట్యాంకు అడుగున పండుకున్నాడు. ఇంక లేయలేదు."

"ముందే ఎవరూ చెప్పలేదా?"

"చెప్పినారు! విషం కాదు, వాసన కూడా రాదు, భయపడొద్దన్నారు." ముందుసీటు కడ్డీని పిడికిలితో గుద్దాడు. "వాసనొచ్చింటే లేచేవాడు కదన్నా!"

"మరి ఆ ట్యాంకు?"

"కడిగినారు. ఇప్పుడు పాలు పోస్తున్నారు."

బస్సు కదిలింది. నా కప్పునూ కిటికీలోంచి వంచేశాను.