గుట్ట మీద రెండో లైట్

దయ్యాల మాట ఎత్తితే నేను లేచి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా వింత కనిపిస్తే అది మళ్లీ జరిగేలా చేసి చూపించాలి, చూపించలేకపోతే చూసినవాడిదే పొరపాటు అని జీతం తీసుకుని మరీ వాదించినవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ మా ఆవిడకీ, ఒక స్నేహితుడికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

2012 చలికాలంలో నేను డాలస్ పక్కన కాపెల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. మా ఆవిడ డాక్టర్. రెసిడెన్సీ శిక్షణకి సీటు ఒహాయోలో వచ్చింది. పాప కూడా తనతోనే. నెలకోసారి నేను వెళ్లేవాణ్ణి. మిగతా రోజుల్లో ఇంటికొచ్చాక నా నోట్లోంచి ఒక్క మాట కూడా బయటికి రాకుండా తెల్లారిపోయేది.

మాట్లాడ్డానికి నాకున్న ఒకే ఒక్క మనిషి సుదర్శన్. వాడిది కరీంనగర్. నాకంటే చిన్నవాడు, అదే ఆఫీస్. ఇద్దరం కలిసి వేటకి వెళ్లేవాళ్లం. మన తెలుగువాళ్లకి ఇది విడ్డూరంగా ఉంటుందని తెలుసు. దీనికి మూలం మేకమాంసం.

కాపెల్ నుంచి గంటన్నర దూరంలో డార్లీన్ అనే పెద్దావిడకి మేకల ఫారం ఉంది. పండగలకి తెలుగువాళ్లు అక్కడికెళ్లి మాంసం తెచ్చుకుంటారు. అక్కడివాళ్లు పిలిచినట్టే మేమూ ఆవిణ్ణి మిస్ డార్లీన్ అనేవాళ్లం. భర్త పోయాక ఫారం ఒక్కతే చూసుకుంటోంది. కయోటీలు మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని ఒకసారి చెప్పి బాధపడింది. కయోటీ అంటే తోడేలు కంటే చిన్నది, నక్క కంటే పెద్దది. రాత్రిపూటే వస్తుంది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాడు సుదర్శన్. మేం చూస్తాం అని ఆవిడకి మాటిచ్చేశాడు. నేను వాడి వెంట వెళ్లాను. అలా రెండేళ్లు గడిచాయి.

మా పద్ధతి చెబుతాను, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ఇద్దరి దగ్గరా నైట్ విజన్ స్కోప్, అంటే చీకట్లో చూపించే దుర్భిణి, ఉండేది. దానికి ఒక ఇన్‌ఫ్రారెడ్ లైట్ ఉంటుంది. ఆ వెలుగు మామూలు కంటికి కనబడదు, నైట్ విజన్‌లోంచి చూస్తేనే కనబడుతుంది. నేను రైఫిల్‌తో గడ్డిమోపుల దగ్గర కూర్చునేవాణ్ణి. సుదర్శన్ నాకు ఎడమవైపు దూరంగా ఒక చిన్న గుట్ట మీద కూర్చునేవాడు. కుందేలు అరుపులాంటి శబ్దం చేసే చిన్న స్పీకర్‌ని మైదానంలో పెట్టేవాళ్లం. ఏదైనా వస్తే ముందు నా లైట్ పడేది, తరవాత పక్కనుంచి వాడి లైట్. ఒక్క లైట్‌లో ఏ ఆకారమైనా కాగితం బొమ్మలా ఉంటుంది. పక్కనుంచి రెండోది పడితే నీడ ఏర్పడి ఒళ్లు తెలుస్తుంది. రెండు లైట్లూ పడనిదే కాల్చకూడదన్నది సుదర్శన్ పెట్టిన నియమం. ఒకసారి వాడి లైట్ పడ్డాకే, నేను కయోటీ అనుకున్నది పక్కింటివాళ్ల కుక్క అని తెలిసింది.

ఆ ఏడాది వేసవి చివర్లో సుదర్శన్‌కి నార్త్ కరోలినాలో ఉద్యోగం వచ్చింది. భార్యాపిల్లలతో మోరిస్‌విల్ వెళ్లిపోయాడు. సామాను ట్రక్కులోకి ఎక్కించింది నేనే.

తరవాత మూడు నాలుగుసార్లు ఒక్కణ్ణే వెళ్లాను. వేట మీద ఇష్టంతో కాదు. శనివారం రాత్రి ఆ అపార్ట్‌మెంట్‌లో ఉండలేక. ఒక్కడే వెళితే అన్నీ తారుమారవుతాయి. వెతకడం, చూడడం, నిర్ధారించుకోవడం, కాల్చడం, అన్నీ ఒక్కడే. అవును అనేవాడు గానీ కాదు అనేవాడు గానీ పక్కన ఉండడు. ఎక్కువసార్లు ఏమీ కాల్చకుండానే తిరిగొచ్చాను.

ఇది జరిగిన శనివారం సాయంత్రం మిస్ డార్లీన్‌కి ఫోన్ చేశాను. తియ్యలేదు. వస్తున్నానని మెసేజ్ పెట్టాను. నేను చేరేసరికి బాగా పొద్దుపోయింది. ఇంట్లో లైట్లు లేవు. పడుకుందనుకుని తలుపు కొట్టలేదు.

గాలి గట్టిగా వీస్తోంది. చంద్రుడు లేడు. గడ్డిమోపుల దగ్గర కూర్చుని స్పీకర్ ఆన్ చేశాను. చాలాసేపు ఏమీ రాలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లేచి వెళదామనుకుంటుండగా కుడివైపు గడ్డిలో నా లైట్‌కి రెండు కళ్లు మెరిశాయి.

కళ్లు నేలకి దగ్గరగా ఉన్నాయి. వాటి వెనక పొడుగాటి ఒళ్లు, కొద్దిగా కదులుతోంది. కయోటీ పొట్ట నేలకానించి పొంచి ఉంటే సరిగ్గా అలాగే ఉంటుంది. నాకు అనుమానం రాలేదు. ఈ మాట నిజాయితీగా చెబుతున్నాను, ఒక్క శాతం కూడా అనుమానం రాలేదు. రైఫిల్ సేఫ్టీ లాక్ తీశాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

అప్పుడు ఎడమవైపు నుంచి లైట్ పడింది.

స్కోప్‌లో అంతా ఒక్కసారి తేటపడింది. గడ్డిపరకల నీడలు కుడివైపుకి సాగాయి. ఆ ఆకారానికీ నీడ ఏర్పడింది. ఒళ్లనుకున్నది ఒక కోటు. కోటు చివర చెయ్యి. చేతికి ఐదు వేళ్లు. మెరిసిన కళ్లు ఆ కోటుని ఆనుకుని పడుకున్న మేకపిల్లవి.

వేలు తీసేశాను. "చూశానురా సుదర్శన్" అని పైకే అన్నాను. రెండేళ్ల అలవాటు. ఆ మాట నా చెవిన పడ్డాక గానీ, వాడు ఇక్కడ లేడన్నది గుర్తు రాలేదు.

తల తిప్పి గుట్ట వైపు మామూలు కళ్లతో చూశాను. చీకటి. నైట్ విజన్ తిప్పి చూశాను. గుట్ట మీద, వాడు కూర్చునే ఎత్తులో, ఒక వెలుగు. చేత్తో పట్టుకున్నప్పుడు కదిలినట్టు సన్నగా కదులుతోంది. దాని వెనక మనిషి కనబడలేదు. లైట్ ఎదురుగా ఉన్నప్పుడు వెనక మనిషి ఎప్పుడూ కనబడడు, సుదర్శన్ ఉన్నప్పుడూ అంతే.

అక్కడ ఆగి చూసేంత వ్యవధి లేదు. రైఫిల్‌లో తూటాలు తీసేసి, దాన్ని నైట్ విజన్‌తో సహా గడ్డిమోపు మీద పెట్టేసి పరిగెత్తాను. మిస్ డార్లీనే. ఇంటికి రాని మేకపిల్లని వెతుక్కుంటూ వచ్చి గుంటలో కాలుపడి పడిపోయింది. తుంటి విరిగింది. టార్చి ఆరిపోయింది. నన్ను ఎన్నిసార్లు పిలిచిందో, గాలికి నాకు వినబడలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, నా జాకెట్ కప్పి, పక్కనే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. మేకపిల్లకి దెబ్బ తగిలిందేమో చూడమని అదే పనిగా అడుగుతూ ఉంది. నేను చేసిందీ, చెయ్యబోయిందీ ఆవిడకి అప్పుడు చెప్పలేదు. తరవాత ఆస్పత్రిలో, లైట్ సంగతి తప్ప, అంతా చెప్పాను. కాల్చలేదు కదా అంది.

అంబులెన్స్ వెళ్లిపోయాక నైట్ విజన్ తీసుకుని చూశాను. గుట్ట మీద ఏమీ లేదు. టార్చి వేసుకుని ఎక్కాను. గడ్డి మీద మంచు పట్టి ఉంది, ఎక్కడా చెదరలేదు. నేను నడిచిన దారి మాత్రం నా వెనక నల్లగా కనబడుతోంది.

తెల్లారాక సుదర్శన్‌కి ఫోన్ చేశాను. ఆ టైముకి నిద్రపోతున్నానన్నాడు. నైట్ విజన్ ఎక్కడుందని అడిగాను.

"గరాజ్‌ల డబ్బాల ఉన్నది. బ్యాటరీలు ఎప్పుడో తీసి పెట్టిన, కారి ఖరాబైతయని. ఏమైందన్నా?"

చెప్పాను. వాడు నవ్వలేదు. ఇంకెప్పుడూ ఒక్కడివే పోకు అన్నాడు. నేను పోలేదు.

నా వృత్తి ప్రకారం అన్నీ తరచి చూశాను. స్కోప్ అమ్మిన షాపువాణ్ణి అడిగితే, అద్దాల్లో అప్పుడప్పుడూ ఉత్తుత్తి మెరుపు వస్తుందన్నాడు. కానీ మెరుపుకి నీడలు పడవు అని కూడా వాడే అన్నాడు. చుట్టుపక్కల ఫారాలవాళ్లని అడిగాను. ఎవరి దగ్గరా అలాంటి పరికరం లేదు. చివరికి నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. ఎవడో ఊరూ పేరూ తెలియని వేటగాడు దొంగతనంగా వచ్చి కూర్చుని ఉంటాడు, గడ్డి సంగతి నేనే సరిగ్గా చూసి ఉండను అని. ఆ సమాధానంతో ఏడాది గడిపాను.

మరుసటి చలికాలం సుదర్శన్ డాలస్ వచ్చాడు. పగటిపూట ఇద్దరం ఫారానికి వెళ్లాం. మిస్ డార్లీన్ చేతికర్రతో నడుస్తోంది, మాకు భోజనం పెట్టింది. తరవాత సుదర్శన్ గుట్టెక్కి తన పాత చోట కూర్చున్నాడు. నేను వెళ్లి, ఆవిడ పడిన చోట నిలబడి చెయ్యి ఊపాను. వాడు ఊపలేదు. కాసేపటికి ఫోన్ చేశాడు.

"అన్నా, ఎక్కడున్నవ్? నువ్వు కనబడ్తలేవు."

మధ్యలో సీడార్ చెట్ల గుబురు ఉంది. నేనూ గుట్టెక్కి చూశాను. కూర్చుంటే కనబడదు. నిలబడినా కనబడదు. ఆ గుట్ట మీదనుంచి ఏ మనిషికీ, ఏ లైట్‌తోనూ ఆ చోటు మీద వెలుగు వెయ్యడం కుదరదు. నేను గడ్డిమోపుల దగ్గరే కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు ఎప్పుడూ తెలియలేదు. ఏడాదిగా పట్టుకుని కూర్చున్న సమాధానం అక్కడే పోయింది. దాని స్థానంలో పెట్టుకోవడానికి నా దగ్గర ఈ రోజుకీ ఇంకోటి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో సుదర్శన్, హైవే ఎక్కాక అడిగాడు.

"నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచిన అన్నవ్ కదా. మల్ల అది ఏమన్న పలికిందా?"

లేదన్నాను.

"నేనైతే పలికేటోన్ని అన్నా" అన్నాడు.