ఇనుప కమ్మీ, బావి నీళ్ళు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒక మోసగాడి చేతికి చెక్క తెడ్డు ఇచ్చి, ఆ తెడ్డుతోనే వాణ్ణి ఊరు దాటించింది. కొట్టలేదు, తిట్టలేదు. నాకు వచ్చిన చదువు సంతకం వరకే గాని, ఆ రోజు మా బావి దగ్గర నేర్చుకున్నది ఈ వయసులో కూడా పనికొచ్చింది. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. తిట్లు తీసేస్తానంది. అన్నీ తీసెయ్యకమ్మా, కొన్ని ఇలాంటి మోసగాళ్ళకు చెందాల్సినవే అన్నాను.

మా పుట్టిల్లు పొన్నూరు దగ్గర పల్లెటూరు. ఒక ఎండాకాలం ఊళ్ళో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా చెల్లెలు మంచం మీంచి లేవలేదు. సరిగ్గా ఆ వారంలోనే సైకిలు మీద ఒకడు దిగాడు. ఏ ఇంట్లో పిల్లలు పడుకున్నారో ఇలాంటివాళ్ళకు వాసన కొడుతుంది కాబోలు. మా బావి నీళ్ళు చెంబుతో తెప్పించి, సంచిలోంచి చారెడు పొడి తీసి వేసి, తుప్పు పట్టిన ఇనుప కమ్మీతో గిరగిరా కలిపాడు. చూస్తుండగానే నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. మీ బావిలో విషం ఊరుతోంది, నా మందు వేస్తే విరిగిపోతుంది అన్నాడు. మా అమ్మ ఏడ్చింది. నేను అమ్మకంటే గట్టిగా ఏడ్చాను. తెలివితక్కువతనంలో ఆ ఇంట్లో అప్పట్లో నన్ను మించినవాళ్ళు లేరు.

మా నాయనమ్మ ఆ పొడిని వేలికి అద్దుకుని వాసన చూసింది. కరక్కాయ పొడి. మా దగ్గుకు ఆవిడ నూరి పెట్టేది అదే. ఇనుము తగిలితే నల్లబడుతుందని కరక్కాయను కత్తిపీట దరిదాపులకు కూడా పోనిచ్చేది కాదు. ఇంకో చెంబు నీళ్ళు తెప్పించి, చెక్క తెడ్డు వాడి చేతికిచ్చింది.

"ఆ కమ్మీ పక్కన పెట్టి దీంతో కలుపు నాయనా."

"కమ్మీతోనే కలపాలమ్మా. అది మంత్రించిన కమ్మీ."

"అట్టయితే విషం మా బావిలో లేదు, నీ కమ్మీలో ఉంది."

వాడు కలపకపోతే తానే పొడి వేసి కలిపింది. నీళ్ళు లేత పసుపు రంగుకు తిరిగి ఊరుకున్నాయి. ఆ పెద్దమనిషికి సైకిలు ఎక్కడం కూడా గుర్తు రాలేదు, తోసుకుంటూ పరుగెత్తాడు.

నేను చప్పట్లు కొట్టి, మన నీళ్ళు మంచివేనని దోసిలి పట్టాను. నాయనమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "వాడు దొంగయితే మన నీళ్ళు మంచివైపోతాయటే? మరి చెల్లెలు ఎందుకు పడుకుంది?" అంది. బావి చుట్టూ నెమ్మదిగా తిరిగి చూసింది. గేదెల్ని కడిగే బండ బావి పక్కనే ఉంది. కడిగిన నీళ్ళు గట్టు పగుళ్ళలోంచి తిరిగి బావిలోకే దిగుతున్నాయి. ఆ బండ అక్కడ వేయించింది తనే. గునపం తెచ్చి తానే దాన్ని పెకలించి దొడ్డి చివరికి దొర్లించింది. బావి తోడించి సున్నం వేయించింది. నీళ్ళు కాచి తాగించింది. కొన్నాళ్ళకు చెల్లెలు లేచి తిరిగింది.

ఇన్నేళ్ళ తరువాత, మొన్న వానలు వెలిశాక, కొల్లూరు దగ్గర మా ఇంటికి ఆ సైకిలువాడు మళ్ళీ వచ్చాడు. అదే మనిషి కాదు, అదే బాపతు. ఈసారి మోటారుసైకిలు, మెడకు టై. మా ఐదేళ్ళ మనవరాలికి నెలలో మూడుసార్లు విరేచనాలు పట్టుకుని పిల్ల పుల్లలా అయిపోయింది. నీళ్ళ వల్లే కావచ్చని తెనాలి డాక్టరుగారు అన్నారు. ఫిల్టరు కోసం మా అబ్బాయి ఫోనులో ఏదో నొక్కాడు. తెల్లారేసరికి వీడు గుమ్మంలో ఉన్నాడు.

రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా బావి నీళ్ళు, రెండోదాంట్లో తన సీసాలోని ఫిల్టరు నీళ్ళు. రెంటిలోనూ కమ్మీలు దింపి కరెంటు పెట్టాడు. మా గ్లాసు బురద కాలవలా తయారైంది, పైన తెట్టె కట్టింది. వాడి గ్లాసు అద్దంలా ఉంది. "చూశారా మేడమ్, పాప రోజూ తాగేది ఇదే" అన్నాడు. కోడలి మొహం పాలిపోయింది. బిడ్డతల్లిని బెదిరించడం కంటే సులువైన పని లోకంలో లేదు. దానికి కూడా టై కట్టుకోవాలా?

నా కళ్ళు కమ్మీల మీదే ఉన్నాయి.

"ఏంటయ్యా అయ్యి? ఇనుమేనా?"

"టెస్టింగ్ రాడ్లండి మామ్మగారూ. మీ నీళ్ళల్లో సాల్ట్స్ ఉన్నాయండి, అందుకే ఆ రంగు. మావాటిలో ఉండవండి."

"ఉప్పు వల్లేనా? ఉంటే ఇంత రంగొచ్చిద్దా?"

"అవునండి, చాలా డేంజరండి."

"అమ్మాయ్, వంటింట్లో ఉప్పు డబ్బా తీసుకురా."

వాడికి అప్పుడు అర్థమైంది. "ఉప్పు వెయ్యకూడదండి, మిషను పాడైపోద్దండి" అని గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజూ పప్పులో వేసుకుని తింటున్నాం, మేం పాడవలేదుగా! నీ మిషను మాకంటే సుకుమారమా?"

కోడలు వాడి చెయ్యి పక్కకు నెట్టి, అద్దంలాంటి ఆ నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసింది. మా నీళ్ళకంటే అధ్వాన్నంగా తయారయ్యాయి. కరిగేది కమ్మీ, పేరు మా బావికి. వాడు గ్లాసులు కడుక్కోకుండానే సంచిలో వేసుకుని పోయాడు.

మా అబ్బాయి పడీ పడీ నవ్వాడు. "నాన్న దగ్గరుండి తవ్వించిన బావే అమ్మా! దీనికి వంకేంటి? ఏ ఫిల్టరూ వద్దులే" అన్నాడు. అబద్ధం చెప్పను, ఆ మాట నాకు తియ్యగా తగిలింది. మా పెళ్ళయిన ఏడాదే ఆయన వరలు దించి కట్టించిన బావి అది. ఆయన పోయాక నేను పొద్దున్నే మొదట చూసేది దాన్నే. నవ్వబోయాను. అప్పుడే లోపలి గదిలోంచి పిల్ల కడుపు నొప్పని మూలిగింది. చేతి మీద నాయనమ్మ కొట్టిన చోట చురుక్కుమంది.

లేచి బావి చుట్టూ తిరిగాను. పట్టుమని ఏడు అడుగులు వేశానో లేదో, కిందటేడు తవ్వించిన మరుగుదొడ్డి గొయ్యి మూత కాలికి తగిలింది. మా స్థలం సన్నది. బావి ఈశాన్యంలో ఉంది. అబ్బాయి గొయ్యిని దూరంగా దక్షిణం వైపు పెడదామన్నాడు. వాయవ్యంలోనే ఉండాలని వాస్తు ఆయన చెబితే, అదే వేదమని పట్టుబట్టింది నేనే. ఏరు పక్కన ఇసుక నేల, గొయ్యిలో దిగింది బావిలో తేలకుండా ఉంటుందా? దిక్కులు చూసిన మహాతల్లిని, దూరం చూడలేదు. టై వాణ్ణి అన్న మాటలన్నీ అప్పుడు నాకు నేనే అప్పజెప్పుకున్నాను.

నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుకు కోడలు బాపట్ల వెళ్ళింది. వాళ్ళిచ్చిన సీసాలోనే నీళ్ళు పట్టి ఇచ్చింది. ఉప్పులు తక్కువే, వాటితో భయం లేదు, కానీ మలంలో ఉండే పురుగు ఉందని కాగితం వచ్చింది. అది చదివి వినిపిస్తుంటే కోడలు తలెత్తి నన్ను చూడలేదు. ఆ మర్యాద నేను మరిచిపోను.

గొయ్యి పూడ్పించి, దక్షిణం వైపు కొత్తది తవ్వించాం. గట్టు పగుళ్ళు సిమెంటుతో మూయించి, బావి తోడించి, బ్లీచింగు వేయించాం. అంతవరకూ కాచిన నీళ్ళే. ఫిల్టరూ పెట్టాం, ఉప్పులు తీసేది కాదు, అదేదో యూవీ దీపం వెలుగుతో పురుగును చంపేది. రేపల్లెలో మా చెల్లెలింటి బావి నోట పెట్టలేనంత ఉప్పు, వాళ్ళకు ఉప్పులు తీసే ఆ పెద్ద మిషనే కావాలి. ఎవరి బావి రోగమేంటో తెలియకుండా అందరికీ ఒకటే మందు అమ్మేవాడికి దణ్ణం పెట్టి పంపెయ్యడమే. రెండోసారి కాగితం శుభ్రంగా వచ్చింది. పిల్ల ఇప్పుడు బావి గట్టు మీద గంతులేస్తోంది, నా తిట్లు తింటోంది.

మా నాయనమ్మ ఫోటో ఒక్కటీ లేదు నా దగ్గర. ఆ దెబ్బే ఉంది. ఎవడి మోసమో బయటపడి నేను చప్పట్లు కొట్టబోతే, చెయ్యి చురుక్కుమంటుంది. అప్పుడు చేతులు దించుకుని, లేచి, నా బండ ఎక్కడ వేసి ఉందో చూసుకుంటాను.