కొర్రమీను పథ్యం

అక్కకు రెండో విడత కీమో ఆరోజు ఇవ్వడం కుదరదని బందరు ఆస్పత్రి డాక్టరు చెప్పేసరికి అక్కవాళ్ల అత్తగారు బెంచీ మీద కూలబడిపోయారు. రొమ్ము ఆపరేషన్ విజయవాడలో అయింది. సెలైన్‌లో ఎక్కించే మందులు మాత్రం బందరులోనే ఇస్తున్నారు. వాటికోసం ఇద్దరూ దివిసీమ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. పత్రికాఫీసులో సెలవు పెట్టి నేనూ వెళ్లాను. రక్తం తగ్గింది, బరువూ తగ్గింది, వారం ఆగి చూద్దాం అన్నాడు డాక్టరు. అప్పటికీ కోలుకోకపోతే మందు ఆపేయాల్సి రావచ్చన్నాడు.

ఆయన వెళ్లాక ఒక నడివయసు నర్సు స్టూలు లాక్కుని అక్క దగ్గర కూర్చుంది.

"ఇంటిదగ్గర ఏం తింటున్నారమ్మా?"

అక్క నోరు తెరిచేలోగా అత్తగారే అందుకున్నారు. "పథ్యంలో లోటు లేదు నర్సమ్మా! మిరియాల చారు, బీరకాయ కూర. గుడ్డూ చేపా పెరుగూ గడప తొక్కనివ్వలా. కుట్లు చీము పట్టవూ?"

నేనైతే గట్టిగానే ఏదో అనబోయాను. నర్సు అనలేదు.

"ఇంత నిష్ఠగా చేసేవాళ్లు అరుదు మామ్మగారూ. మీకు పొలం ఉందాండీ?"

"ఎందుకు లేదూ."

"కలుపుమందు కొడితే పైరు కూడా కాస్త వాడుద్ది కదా. అప్పుడు ఎరువేస్తారా, ఎండబెడతారా?"

"ఎండబెడితే ఇంకేం పైరు!"

"ఈ మందూ అంతేనండీ. క్యాన్సర్‌తో పాటు మంచి రక్తాన్నీ దెబ్బకొడుద్ది. కుట్లు మానిపోయాయి, నేను చూశాను. ఇక ఈ మందుకు పథ్యం వేరు. రోజూ గుడ్డు, కొర్రమీను పులుసు, పెరుగు. అప్పటికప్పుడు వండిందే పెట్టాలి, నిన్నటి కూర పనికిరాదు. జ్వరం తగిలితే మాత్రం ఒక్కపూట కూడా ఆగొద్దు, ఇక్కడికి తెచ్చేయండి."

"చేపే పథ్యమా?" అత్తగారు బెంచీ మీంచి లేచారు. "అయితే తప్పనివ్వను."

మా పత్రికలో ఆరోగ్య సలహాలు ఎన్ని అచ్చేశామో లెక్కలేదు. ఒక్కటీ ఆ వంటింటిదాకా వెళ్లలేదు. ఈ నర్సు మాట వెళ్లింది. వారం మధ్యలో చూడ్డానికి వెళ్తే అక్క కంచం ముందు మొహం వేలాడేసుకుని ఉంది.

"ఇవాళ్టికి చారన్నం పెట్టండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది."

"పథ్యం చెడుద్ది, తిను! నవ్వుతావేం అబ్బాయ్, నీకూ వడ్డిస్తా కూర్చో."

తర్వాతి వారం రక్తపరీక్ష బాగానే వచ్చింది. నర్సు సెలైన్ తగిలిస్తూ పక్క మంచంకేసి చూసింది. పాలకాయతిప్ప వైపు నుంచి అదే మందుకోసం వచ్చిన జాలరి మనిషి ఒకావిడ క్యారేజీలో చారన్నం కలుపుకుంటోంది.

"మామ్మగారూ, ఆవిడకి ఈ పథ్యం సంగతి మీరు చెప్పండి."

అత్తగారు స్టూలు అటు జరుపుకున్నారు. "ఏమ్మా, మీకు పొలం ఉందా?"

"పొలమెక్కడిదమ్మా మాకు. ఉన్నదల్లా వలే."

అత్తగారు పొలం మాట వదిలేశారు. "వల చిరిగితే అల్లుకుంటారా, మూల పడేస్తారా?"

"అల్లుకుంటాం."

"దేంతో?"

"దారంతో."

"నీ ఒంటికి ఆ దారమే చేప. ఇంట్లో పెట్టుకుని చారన్నమేంటి, చోద్యం కాకపోతే!"