భీమరాజు మార్చిన పేరు

రాజమండ్రి భీమరాజుకి పేరంటే ప్రాణం. గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చి, దాని మీద తన పేరు ఎంత లావుగా రాయించాడంటే వెలుతురు రావడానికి చోటు మిగల్లేదు. అలాంటి మనిషి సాఫ్ట్‌వేర్ షాపు పెడితే ఊరుకుంటాడా?

అది 2003. రైసుమిల్లులకి బిల్లింగ్ ప్రోగ్రాం చేస్తానని బోర్డు కట్టాడు. బిల్లు తెలుగులో ప్రింటు చెయ్యడం చేతకాక, ఇంటర్నెట్‌లో ఎవరో విదేశీయుడు రాసిపెట్టిన లైబ్రరీని, అంటే ఆ పని చేసిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్కని, దింపుకుని తన ప్రోగ్రాంలో కలిపేశాడు. కలుపుకోవడం తప్పు కాదు. కాకపోతే ఆయన దాని లైసెన్సు పేజీలో షరతులు పెట్టాడు. రాసినవాడి పేరు చెరపకూడదు. కలిపి చేసిన ప్రోగ్రాం ఎవరికి ఇస్తే వాళ్ళకి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, మొత్తం ఇవ్వాలి. వాళ్ళు దాన్ని ఎవరికైనా ఊరికే పంచుకోవచ్చు.

మన మహానుభావుడు చదివితేగా! ఆ పేరు కనబడ్డ చోటల్లా తన పేరు పెట్టమని కంప్యూటర్‌కి చెప్పేసి, కాలు మీద కాలేసుకుని టీ తాగాడు.

నిడదవోలులో మిల్లర్ల సంఘం అతన్ని పిలిచింది. నచ్చితే మిల్లుకొకటి కొంటారు. ఆ బేరం దక్కకపోతే షాపు మూతే. ప్రోగ్రాం చూసి చెప్పడానికి కాలేజీలో కంప్యూటర్లు నేర్పే దేవకుమారిని కూర్చోబెట్టారు. బిల్లు చక్కగా ప్రింటయింది. ఆవిడ లైసెన్సు ఉన్న పేజీ తెరిచి, కాసేపు చూసి నవ్వింది.

“ఎంత పెద్ద మనసండీ మీది! దీన్ని కలిపిన ప్రోగ్రాం పుచ్చుకున్నవాళ్ళకి సోర్సు ఇవ్వాలని, ఎవరికైనా పంచుకోవచ్చని భీమరాజుగారే రాశారు.”

“అయితే ఒక్కటి కొంటే అందరం కాపీ చేసుకోవచ్చాండీ?” సంఘం అధ్యక్షుడు దొరబాబు ముందుకు వంగాడు.

“శుభ్రంగా చేసుకోవచ్చండి.” దేవకుమారి భీమరాజు వైపు తిరిగింది. “ఇది వేరేవాళ్ళదైతే ఇప్పుడే చెప్పండి. ఆ ముక్క తీసేసి మీ సొంతది రాసుకు రండి. అప్పుడు మిల్లుకొకటి అమ్ముకోవచ్చు.”

భీమరాజు లెక్కేసుకున్నాడు. నాది కాదు అనే ఒక్క మాటతో షాపు నిలబడుతుంది. చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఇంతలో దొరబాబు తనకి కప్పడానికి శాలువా మడత విప్పడం కంటపడింది.

“అక్షరం అక్షరం నేనే రాశానండి!” అన్నాడు.

మిల్లర్లు చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఒక్క ప్రోగ్రాం కొని, అతని ముందే కాపీలు మొదలుపెట్టారు. ఛీ, ఏం మనిషి! దసరా దాటకుండా షాపు మూతపడింది. ఆ రోజు కూడా శాలువా కప్పుకునే వచ్చి తాళం వేశాడు.