మామయ్యగారు కట్టేసిన స్విచ్

మా అత్తగారు పోయాక మామయ్యగారిని రేపల్లె నుంచి తెనాలి తీసుకొచ్చేశాం. కూతురింట్లో ఉండడం ఆయనకు మహా మొహమాటం. తాగిన కాఫీ గ్లాసు తానే కడిగేవారు. ఆకలేసినా అడిగేవారు కాదు. కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసు తలుపులు మూసే పని చివరిదాకా ఆయనదే కావడంతో, గది దాటితే చాలు, గోడ మీద ఉన్న స్విచ్‌లన్నీ కట్టేసే అలవాటు పడిపోయింది. మా ఇంటికి వచ్చేటప్పుడు ఒక పెట్టెతో పాటు ఆ అలవాటునూ వెంట తెచ్చుకున్నారు.

“వాడని కరెంటు ఎందుకండీ అల్లుడుగారూ,” అనేవారు, నేను చూసినప్పుడల్లా.

ఆయనకు పొద్దుపోవడానికి ఏదైనా చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. నేను కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. కంప్యూటర్ తెలిసినవాడినని అక్కడ నాకు కాస్త పేరు, ఆ పేరంటే నాకు కాస్త ఎక్కువ మోజు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించాను. దాని పొట్టలో గోరంత మెమరీ కార్డు పెట్టి, టీవీ వెనక తగిలిస్తే పాటలు, సినిమాలు, ఇంటి ఫోటోలు అన్నీ తెర మీద వరసగా వస్తాయి. మూడు ఆదివారాలు దానితో కుస్తీ పట్టాను. నా భార్య దాన్ని “మీ రెండో సంసారం” అని వెక్కిరించింది.

బోర్డుకు ఆపే బటన్ ఉండదు. ముందు తెర మీద ఆపి, ఆ తర్వాతే గోడ స్విచ్ కట్టేయాలి. లేకపోతే కార్డు పాడైపోవచ్చు. ఈ సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మామయ్యగారి పెట్టె అడుగున ఒక వీడియో క్యాసెట్ దొరికింది. చెరుకుపల్లి చర్చిలో పిల్లలు వేసిన క్రిస్మస్ నాటకం. పిల్లలకు నేర్పింది మా అత్తగారే. ఆవిడ గొంతు మాకు మిగిలింది అందులోనే, ఫోన్లో మాట్లాడిన మాటలు ఎవరు దాచుకుంటారు? బాపట్లలో పాత పెళ్లి వీడియోలు మార్చి ఇచ్చే స్టూడియో ఉందంటే పట్టుకెళ్లాను. నాలుగు రోజుల తర్వాత స్టూడియో ఆయన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, “బూజు పట్టిందండి. ఒక్కసారే తిరిగింది, ఆనక తెగిపోయింది. వచ్చినంత మటుకు ఎక్కించాను. మా దగ్గర కాపీ ఉంచం, ఇది జాగ్రత్తండీ,” అన్నాడు.

వచ్చింది పది నిమిషాలు. దాన్ని బోర్డులోని కార్డులోకి ఎక్కించాను. ఒక శనివారం సాయంత్రం ముగ్గురం కూర్చుని చూశాం. వేదిక పక్కన అత్తగారు నిలబడి పిల్లలకు మాటలు అందిస్తున్నారు. గొల్లవాడి వేషం వేసిన పిల్లవాడు తలపాగా జారి ఏడుస్తున్నాడు. అత్తగారు వాడిని సముదాయిస్తూనే ఇటు తిరిగి, “ఏవండీ, ఆ లైటు కాస్త ఇటు తిప్పండి, పిల్లల మొహాలు కనపడట్లేదు,” అన్నారు. ఆవేళ లైటు పట్టుకున్నది మామయ్యగారే.

“తిప్పాను కదే,” అన్నారాయన కుర్చీలోంచి, టీవీతో. నా భార్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఆయన రోజూ అడిగారు. తనకోసం నోరు తెరిచి అడగడం అదే మొదలు. “అల్లుడుగారూ, వీలుంటే ఇంకోసారి వెయ్యండి.” వేశాను. నా గొప్పతనానికి నేనే పొంగిపోయాను. ఆ పొంగులోనే పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, ఆయనకని పాత సినిమాలు నింపుకొచ్చాను. నాటకం కార్డులో ఉందిగా అనుకున్నాను.

తర్వాతి ఆదివారం చర్చికి బయల్దేరుతూ అందరం ఆటో ఎక్కాం. మామయ్యగారు “ఒక్క నిమిషం అండీ” అని దిగి లోపలికి వెళ్లొచ్చారు. మధ్యాహ్నం వచ్చి టీవీ పెడితే తెర నల్లగా ఉంది. గోడ దగ్గర చూస్తే అన్ని స్విచ్‌లూ కట్టేసి ఉన్నాయి. మళ్లీ వేసి చూసినా బోర్డు లేవలేదు, కార్డు పాడైపోయింది.

“ఎవరు కట్టేయమన్నారండీ మిమ్మల్ని? ఇదేమన్నా మీ ఆఫీసనుకున్నారా? ఇది నా ఇల్లు!” అని అరిచాను. అద్దె ఇల్లు అది. “అత్తయ్యగారి గొంతు మీ చేతులారా చెరిపేశారు,” అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ విప్పుకుంటూ ఆగిపోయారు. నా భార్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మర్నాడు కార్డు పట్టుకుని బజార్లో రిపేరు షాపుకు వెళ్లాను. అతను రెండు రోజులు చూసి, “ఏమీ రావట్లేదండి. ఇంకో కాపీ ఉందాండీ?” అన్నాడు. లేదన్నాను. ఎందుకు లేదో అప్పుడు తట్టింది. పెన్‌డ్రైవ్‌లో తర్వాత సినిమాలు పడ్డాయి కాబట్టి అందులోనూ ఏమీ మిగల్లేదన్నాడు. ఇంటికొచ్చి “రాదట” అని మాత్రం చెప్పాను. మామయ్యగారు తల వంచుకున్నారు. నిజం చెప్పడానికి అది మంచి సమయమే. నేను పిరికివాడిని, చెప్పలేదు.

అప్పట్నుంచి ఆయన ఏ స్విచ్ మీదా చెయ్యి వేయలేదు. సాయంత్రం చీకటి పడుతున్నా, ఎవరో వచ్చి లైటు వేసేదాకా అలాగే కూర్చునేవారు. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి త్వరగా వస్తే, ఆయన ఫ్యాను లేకుండా, బనీను తడిసిపోయి, పేపరుతో విసురుకుంటున్నారు. కరెంటు ఉంది. అదే రోజు నా భార్యకు పెన్‌డ్రైవ్ సంగతి చెప్పేశాను. “నాకు కాదు, నాన్నకి చెప్పండి,” అంది.

వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. “మామయ్యగారూ, తప్పు మీది కాదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని నేనే తీసేశాను. అది ఉంచి ఉంటే మీరు స్విచ్ కట్టేసినా ఏమీ పోయేది కాదు. బోర్డు అలా ఆపకూడదని మీకు చెప్పనిదీ నేనే.”

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “మీది పెద్ద మనసు అల్లుడుగారూ. నేను బాధపడతానని మీ మీద వేసుకుంటున్నారు.”

“కాదండీ, నిజం. ఒట్టు.”

“సరేనండి,” అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు. నాలుగు నెలల కింద చెప్పి ఉంటే నమ్మేవారేమో.

ఆయన కండువాతో మెడ తుడుచుకుని, గోడ వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా అడిగారు.

“ఉక్కగా ఉందండీ. ఫ్యాను వేసుకోమంటారా?”