తెలుసు, అయినా సెప్పండి

బరంపురంలోని ఆ నాలుగంతస్తుల ఆఫీసుల భవనంలోకి చీమ దూరాలన్నా గేటు దగ్గర వాచ్‌మన్ పైడన్నకి పేరు, ఊరు, వచ్చిన పని చెప్పుకోవాల్సిందే. నిన్ననే చెప్పాను కదా అంటే కుదరదు. నిన్నటి చీమ వేరు, ఇవాళ్టి చీమ వేరు. ఒడియావాళ్ళని ఒడియాలో, తెలుగువాళ్ళని తెలుగులో ఆపేవాడు. ఆపడం మాత్రం అందరికీ ఒకటే.

భవనం యజమాని భీమేశ్వరరావు కారు దిగితే సెల్యూట్ కొట్టి మరీ అడ్డం నిలబడేవాడు.

"ఎవరండి తమరు?"

"నీకు జీతమిచ్చేవాణ్ణయ్యా!"

"తెలుసండి. అయినా సెప్పండి."

ఒకనాడు భార్య పుణ్యవతి అన్నం క్యారియర్ తెచ్చింది.

"ఏటి పనిమీద వొచ్చావు?"

"నీ కూడు తెచ్చాను! నీ పెళ్ళాన్నయ్యా!"

"తెలుసు. అయినా సెప్పు. ఏ ఊరు?"

ఆవిడ ఊరు చెప్పలేదు, క్యారియర్‌తో సహా ఇంటికి వెళ్ళిపోయింది. పైడన్న ఆ పూట మంచినీళ్ళతో సరిపెట్టుకున్నాడు గానీ రూలు తప్పలేదు.

అలాంటివాడి చేతిలో పడింది పాత్రపూర్ నుంచి వచ్చిన అరుణ. మూడో అంతస్తులోని పట్టుచీరల కంపెనీలో, ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పిల్ల చురుకైనదే, ఆఫీసర్ల ముందు మాత్రం నోరు పెగలదు. అలా ఇప్పటికే రెండు ఉద్యోగాలు చేజారాయి. ఇదీ పోతే ఇంక ఊళ్ళో కూర్చోవాల్సిందే.

"పేరేటమ్మా?"

పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఇనబడనేదు."

"అరుణ..."

"గాలి ఇన్నాది, నాను ఇననేదు. మళ్ళీ సెప్పు."

వెనక జనం పోగయ్యారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని నిట్టూర్చింది. పైడన్న మాత్రం తాపీగా తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు.

"ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు పైకి పంపాల?"

ఏడుపు రావలసిన చోట అరుణకి కోపం వచ్చింది.

"ఎందుకంటే నాకు తెలుగొచ్చు, ఒడియా వొచ్చు! మాయమ్మతో సంతలో కూరగాయలమ్మాను, ఎలాటి బేరగాడితోనైనా మాటాడగల్ను! నువ్వు పంపకపోతే ఆ కంపెనీకే నట్టం!"

వీధిలో పకోడీల బండివాడు గరిటె ఆపి చూశాడు.

"ఇనబడింది. ఎల్లు తల్లీ."

పైన చాలాసేపు కూర్చోబెట్టారు. మేడం ఇంకా రాలేదట. చివరికి ఆయాసపడుతూ వచ్చింది, ఆ కళ్ళజోడావిడే! పేరు వాసవీకుమారి, కంపెనీ ఆవిడదే.

"నన్ను ఇప్పటికి వదిలాడు మహానుభావుడు," అంటూ కుర్చీలో కూలబడింది. "నిన్నింక నేనేం అడగను? అన్నీ అతనే అడిగేశాడు, నేను వెనక నిలబడి విననే విన్నాను. సోమవారం నుంచి వచ్చేయమ్మా."

అరుణ మెట్లు రెండేసి దూకుతూ దిగింది.

"బాబాయ్! ఆ మేడం నా ఎనకాల ఉన్నారని నీకు ముందే తెలుసా?"

"తెలక్కేటి? రోజూ ఆపుతాను కదా."

"మరి నన్నంతసేపు నిలబెట్టీసావేటి? కాళ్ళు వొణికిపోయాయి."

"నువ్వొచ్చినప్పుడే వొణుకుతున్నావు తల్లీ," అన్నాడు పైడన్న. "పైన నోరు పెగలకపోతే ఉద్యోగం పోతాది. నా కాడ పెగలకపోతే ఏటి పోతాది? ఇంకోపాలి అడుగుతాను."

అరుణకి ఆయన్ని చూస్తే సొంత మేనమామని చూసినట్టనిపించింది. ఆ మాట చెబుదామనుకునేలోపే ఆయన, గేటు బయట బెరుగ్గా తచ్చాడుతున్న ఓ ముసలాయనకి అడ్డం వెళ్ళిపోయాడు.